వేరు ఎరిగిన ఊళ్ళు, తీగ ఎరుగని ఊళ్ళు

కడప జిల్లాలో ఎండలు ముదిరి పాదరసం నలభై డిగ్రీలు దాటే నాటికి ప్రొద్దుటూరు అంగడి వీధులలోను, జమ్మలమడుగు బస్సు నిలయం వద్దను, పులివెందుల కూడళ్ళలోను షర్బతు బండ్లు బారులు తీరుతాయి. గాజు గ్లాసులో ఒక గరిటెడు ముదురు గోధుమవన్నె పానకం, పిండిన నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, చల్లని నీరో సోడాయో కలిసినంతనే ఒక పరిమళం గుప్పుమంటుంది. అదే నన్నారి. రాయలసీమలో పుట్టి పెరిగినవారు ఏ దేశంలో ఉన్నా ఆ వాసన తగిలితే గుర్తించక మానరు. అయితే ఆ పరిమళానికి మూలమైన తీగ ఎట్లా ఉంటుంది, దాని ఆకు ఏ తీరున ఉంటుంది, పువ్వు ఏ రంగున పూస్తుంది, ఏ కొండ మీద ఏ రాళ్ళ సందున పుడుతుంది అని అడిగితే, ఆ ఊళ్ళలో నూటికి ఒకరైనా చెప్పగలరా అన్నది సందేహమే.

ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. అన్నం తినే ప్రతివాడూ మడి దున్నినవాడు కాడు గదా అని సమాధానం చెప్పవచ్చు. కాని వరికి రైతు ఉన్నాడు. విత్తనం దాచేవారు, నారు పోసేవారు, నీరు కట్టేవారు ఉన్నారు. తిన్నంత మళ్ళీ పండించే ఏర్పాటు ఉన్నది. నన్నారికి అటువంటి ఏర్పాటు లేదు. అంగడికి వచ్చే వేరులో అధిక భాగం నేటికీ అడవిలో తవ్వి తెచ్చినదే. తవ్వేవాడున్నాడు, కొనేవాడున్నాడు, పాకం కాచేవాడున్నాడు, త్రాగేవాడున్నాడు. నాటేవాడు మాత్రం బహు అరుదు.

ఫలితం ఊహించడం కష్టం కాదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం తన ఎర్ర జాబితాలో ఈ తీగను అపాయంలో పడిన జాతుల వరుసన చేర్చింది. ఇది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఇక్కడి కొండలలో పోయిందంటే లోకంలోనే పోయినట్లు. విచిత్రమేమంటే, ఈ తీగకు శత్రువులు ఎవరూ లేరు. దానిని ద్వేషించి నరికినవారు లేరు. అందరూ దానిని ఇష్టపడినవారే. ఆ ఇష్టమే దాని మీదికి గడ్డపారను తెచ్చింది.

ఒక పేరు, రెండు తీగెలు

ముందుగా పేరు సంగతి తేల్చుకోవాలి. నన్నారి అనే ఒక్క మాట క్రింద అంగడిలో రెండు వేరువేరు తీగెల వేళ్ళు అమ్ముడవుతున్నాయి. ఒకటి సుగంధిపాల. వైద్య గ్రంథాలలో శారిబ అనీ, అనంతమూలం అనీ ప్రసిద్ధమైనది ఇదే. శాస్త్రజ్ఞులు దీనిని హెమిడెస్మస్ ఇండికస్ అంటారు. బక్కపలచని తీగ, కోల ఆకుల నడుమ తరచు తెల్లని చార కనబడుతుంది, వేరు సన్నగా, గట్టిగా, పురికొసవలె ఉంటుంది. ఇది భారతదేశంలో చాలా చోట్ల, పొలం గట్ల మీద, పొదల నీడన కూడా పెరుగుతుంది.

రెండవది మారెడు గడ్డ. నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి అనే పేర్లు కూడా దీనికి ఉన్నవి. తమిళులు మాగాళి కిళంగు అంటారు; కన్నడిగులు మాకళి బేరు అంటారు. శివపూజకు వాడే మారేడుతో దీనికి ఏ సంబంధమూ లేదు. రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 1834లో దీనికి డెకాలెపిస్ హామిల్టోనీ అని పేరు పెట్టారు. వేళ్ళు గుత్తులుగా, కండ పట్టి, వ్రేలి లావు మొదలు మణికట్టు లావు దాకా ఊరుతాయి. నడుమనున్న కట్టెను తీసివేస్తే మిగిలేదంతా మెత్తని, పరిమళభరితమైన కండ. రాయలసీమ షర్బతుకు అధికంగా ఆధారమైనది ఈ వేరే. తమిళ, కన్నడ దేశాలలో దీనిని ముక్కలుగా తరిగి ఊరగాయ కూడా పెడతారు.

సీసా మీద నన్నారి అని మాత్రమే వ్రాసి ఉంటుంది. లోపల ఉన్నది చేలగట్టు మీద దొరికే సుగంధిపాలయా, కొండ రాళ్ళలో తరుగుతున్న మారెడు గడ్డయా అన్నది కొన్నవారికి తెలియదు. ఒకదాని సమృద్ధి రెండవదాని కొరతను కప్పివేస్తున్నది. నన్నారికేమి, ఎక్కడైనా దొరుకుతుంది అనే మాట ఈ పేరు కలయిక వల్ల పుట్టినదే. భాష నేర్పేవారికి ఇది తెలిసిన సంగతే. రెండు వస్తువులకు ఒకే మాట అంటుకున్నప్పుడు, వానిలో బలహీనమైనది ఎవరి కంటా పడకుండానే జారిపోతుంది.

మారెడు గడ్డ పరిమళానికి ముఖ్య కారణమైన పదార్థాన్ని రసాయన శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఐస్క్రీములలోను, మిఠాయిలలోను వాడే వెనిలా సువాసనకు మూలమైన వెనిలిన్‌కు ఇది తోబుట్టువు. రెండింటి అణువులలోను కర్బన పరమాణువులు 8, ఉదజని పరమాణువులు 8, ఆమ్లజని పరమాణువులు 3. లెక్క ఒక్కటే, అమరికలో మాత్రమే తేడా. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు ఈ వేరు మీద చాలా కాలం పనిచేశారు. నిలువ చేసిన ధాన్యానికి పట్టే పురుగులను అది దూరంగా ఉంచగలదని వారి పరిశోధనలలో తేలింది. అంటే ఇది కేవలం దాహం తీర్చే వేరు కాదు. ఇంకా ఎన్నో ఉపయోగాలకు రాగల వేరు. ఉపయోగాలు పెరిగిన కొద్దీ గిరాకీ పెరుగుతుంది. నాటేవారు లేనిచోట గిరాకీ పెరగడం తీగకు ఆశీర్వాదం కాదు.

రాతి సందులోని బ్రతుకు

ఈ తీగ బ్రతికే తీరు తెలిస్తే అపాయం ఎంత లోతైనదో బోధపడుతుంది. మట్టి పలుచగా ఉన్న కొండవాలులలో, బండల నెరియలలో ఇది వేరు దించుతుంది. ఎదురెదురుగా వచ్చే గుండ్రని ఆకులు, తుంచితే కారే పాలు, పక్కనున్న చెట్టును చుట్టుకొని ప్రాకే కాండం దీని గుర్తులు. ఎండాకాలంలో ఆకు రాల్చి, తొలకరి జల్లు పడగానే చిగిర్చి, గుత్తులుగా చిన్న చిన్న పసుపుపచ్చని పూలు పూస్తుంది. దూరానికి కంటబడే అందం కాదు. దగ్గరకు పోయి చూస్తే గాని పూసినట్లు తెలియదు. జంటలుగా వచ్చే కాయలు ఎండి పగిలినప్పుడు ప్రతి గింజకూ ఒక పట్టుకుచ్చు ఉంటుంది. ఆ కుచ్చును రెక్కగా చేసుకొని గింజ గాలిలో ఎగురుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ తీగ పూత, పరాగసంపర్కం గురించి 2009లో ఒక అధ్యయనం ప్రకటించారు. అందులో తేలిన ముఖ్య విషయమిది: ఒక తీగ పుప్పొడి ఆ తీగకే పనికిరాదు. మరొక తీగ నుంచి పుప్పొడి రావాలి. దానిని మోసేవి గాలి కాదు, తేనెటీగలు కావు; పూలలో కాపురముండే చిన్న పెంకు పురుగులు. పూత విస్తారంగా ఉన్నా కాయ పట్టేది చాలా తక్కువ. గింజ మొలవడానికి అంత అడ్డు లేకపోయినా, మొలిచిన మొక్క రాతినేలలో నీరు చాలక నిలబడడం కష్టం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఒక కొండవాలు మీద పది తీగెలుండగా తొమ్మిదింటిని పెళ్ళగించారనుకుందాం. మిగిలిన పదవది బ్రతికే ఉన్నది గదా అని తృప్తి పడడానికి వీలులేదు. దానికి జోడు లేదు. చిన్న పురుగు కొండ దాటి పోయి మరొక తీగ పుప్పొడి తేలేదు. ఆ ఒంటరి తీగ ఏటేటా పూస్తుంది. కాయ మాత్రం కాయదు. చూచేవారికి పచ్చగానే కనిపిస్తుంది, కాని దాని వంశం అప్పటికే ఆగిపోయింది. అడవిలో తీగ కనబడుతున్నదన్న మాట, తీగ క్షేమంగా ఉన్నదన్న మాటకు సమానం కాదు.

తవ్వే పద్ధతి ఈ కష్టానికి తోడైనది. ఆకు కోసినా కాయ కోసినా మొక్క మిగులుతుంది. వేరు కావలసివచ్చినప్పుడు మొక్కకే ఎసరు. బండలు తొలగించి, గడ్డపారతో చుట్టూ పెళ్ళగించి, గుత్తి మొత్తం లాగివేస్తే అక్కడ గొయ్యి తప్ప ఏమీ మిగలదు. వేసవి గిరాకీకి అందించాలన్న తొందరలో కాయ పగిలి గింజ ఎగిరేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. ఇట్లా తల్లి, బిడ్డ ఒకే మూటలో అంగడికి చేరుతున్నారు.

కొండలే దీవులు

ద్వీపాలలో పుట్టిన తీగెల కష్టం ప్రపంచానికి కొత్త కాదు. ఫిలిప్పీన్ దీవుల అడవులలో జేడ్ వైన్ అనే ఒక తీగ ఉన్నది. సముద్రపు పచ్చదనం వంటి వింత రంగులో బారెడు పొడవున పూలగుత్తులు వ్రేలాడతాయి. దాని పుప్పొడిని మోసేవి గబ్బిలాలు. అడవి నరుకుడు పడిన కొద్దీ తీగ తగ్గింది. లండను నగరం వద్ద ఉన్న క్యూ ఉద్యానవనంలో దానిని అద్దాల ఇంట పెంచారు. కాని అక్కడ ఆ గబ్బిలాలు లేవు. చివరకు 1995లో ఉద్యానవనం వారు గబ్బిలం పని తామే చేతితో చేసి కాయ పట్టించగలిగారు. తీగను దాని నెలవు నుంచి వేరు చేస్తే ఎంత శ్రమ పడవలసి వస్తుందో ఈ కథ తెలుపుతుంది.

కడప జిల్లాకు సముద్రం లేదు. కాని దీవులు లేకపోలేదు. జమ్మలమడుగు ప్రక్కన గండికోట వద్ద పెన్న చీల్చుకొని పోయిన ఎర్రమల వరుస ఒకటి. పులివెందుల నుంచి వేంపల్లె దాటి పోతే పాపఘ్ని నది గండి కొట్టుకొని పారే పాలకొండల వరుస మరొకటి. అది శేషాచలంతో కలిసిపోతుంది. ప్రొద్దుటూరు నుంచి తూర్పుగా మైదుకూరు దాటితే నల్లమల కొసలు, వానికి దక్షిణంగా లంకమల కొండలు. వీని నడుమ పరచుకొన్నవి శనగ పండే నల్లరేగడి నేలలు, చీనీ తోటలు, పసుపు మళ్ళు, రహదారులు, ఊళ్ళు. కొండ మీద పుట్టిన గింజ గాలికి ఎగిరి మైదానంలో పడితే నాగలి చాలులోనో, రోడ్డు మీదనో పడుతుంది. మరొక కొండకు చేరే గింజ ఎంత అరుదో చెప్పనక్కరలేదు. నన్నారి తీగకు ఈ కొండలే దీవులు. చుట్టూ ఉన్న సేద్యపు నేలే సముద్రం. లంకమల పేరులో లంక ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని తీగ విషయంలో అది అక్షరాలా సార్థకమైనది.

ఈ దీవులలో ఒక్కొక్కటి ఎంత విలువైనదో ఇదివరకే రుజువైనది. ఇక అంతరించిందని శాస్త్రలోకం తీర్మానించిన కలివికోడి 1986లో లంకమల ప్రాంతంలో మళ్ళీ కనిపించింది. దానిని వెదకివచ్చినవారికి దారి చూపినది ఆ పొదలలో తిరిగే పల్లెవాసులే. పట్టణాలు మరచిన దానిని కొండ క్రింది గుడిసెలు మరువలేదు. నన్నారి విషయంలోను తెలివి ఆ గుడిసెలలోనే ఉన్నది.

చట్టం చూపు

ఈ కొండలలోనే ఎర్రచందనం పెరుగుతుంది. దాని అంతర్జాతీయ వాణిజ్యంపై 1995 నుంచి ఆంక్షలున్నాయి. దానిని కాపాడడానికి ప్రత్యేక దళాలున్నాయి. దుంగలు పట్టుబడినప్పుడు పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి. కడప, తిరుపతి కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమీ అనే మరొక మొక్కకు అంతర్జాతీయ ఒడంబడికలో అన్నిటికంటె కఠినమైన మొదటి అనుబంధంలోనే స్థానమున్నది. ఆ చెట్లను పెనవేసుకొని ప్రాకే తీగకు మాత్రం అటువంటి గుర్తింపు లేదు. దాని గిరాకీ విదేశీ ఓడరేవులలో లేదు. మన వీధి మలుపులలోనే ఉన్నది. దుంగ దొరికితే వార్త. వేళ్ళ మూట దొరికితే వార్త కాదు. అందువల్ల ఈ నష్టం ఏ పత్రికకూ ఎక్కకుండా జరిగిపోతున్నది.

చట్టాలు లేవని కాదు. రక్షిత అడవులలో అనుమతి లేక తవ్వకూడదు. అభయారణ్యాలలో కట్టడి మరింత గట్టిది. మరొక ప్రక్క, 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిని నమ్ముకొని బ్రతికేవారికి చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించుకొనే హక్కు ఇచ్చింది; వేళ్ళు, దుంపలు అందులో చేరే ఉన్నాయి. అది న్యాయమైన హక్కు. తరతరాలుగా అడవిలో ఉన్నవారిని ఒక్క కలంపోటుతో దొంగలుగా మార్చడం తగదు. అయితే సేకరణ హక్కు ఉన్నచోట సేకరణ క్రమం కూడా ఉండాలి. చాలా చోట్ల ఆ క్రమాన్ని నిర్ణయించేవారు లేరు. తూకం ధర నిర్ణయించేవారు మాత్రం ఉన్నారు.

జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. స్థానిక సంస్థలలో జీవవైవిధ్య యాజమాన్య సంఘాలుండాలనీ, తమ హద్దులలోని మొక్కలు, జంతువులు, వాని గురించిన తెలివి అంతా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో వ్రాసి ఉంచాలనీ ఆ చట్టం ఏర్పాటు చేసింది. 2023లో దానికి సవరణ జరిగింది. 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. సాగు చేసిన ఔషధ మొక్కలకు ఈ సవరణ కొన్ని మినహాయింపులిచ్చింది. అయితే ఆ మొక్క నిజంగా సాగు చేసినదేనని స్థానిక సంఘం నుంచి మూలధృవపత్రం తీసుకోవాలి.

ఈ సవరణలో మేలు ఉన్నది, కీడూ పొంచి ఉన్నది. సాగు చేసినవారికి చిక్కులు తగ్గితే రైతులు ముందుకు రావచ్చు. అడవి మీద భారం తగ్గవచ్చు. కాని ధృవపత్రం ఇచ్చే సంఘం పేరుకు మాత్రమే ఉండి, సంతకం అడిగినవారికల్లా పెట్టేదైతే, కొండ మీద తవ్విన వేరు తోటలో పండిన వేరుగా కాగితం మీద మారిపోతుంది. ఎండిన వేరును చూచి అది ఏ నేలలో పెరిగినదో చెప్పడం సామాన్యులకు సాధ్యం కాదు. కాబట్టి ఈ తీగ భవిష్యత్తు ఢిల్లీలో ఆమోదించిన శాసనం కంటె, ఒక మారుమూల పంచాయతీలోని సంఘం సభ్యుల తెలివి, నిజాయితీల మీదనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది. ఆ సభ్యులలో ఎందరు తీగను చూచి గుర్తించగలరు? ప్రశ్న మళ్ళీ మొదటికే వచ్చింది.

తవ్విన చేతుల వాటా

కొండలలో వేరు తవ్వేవారు ధనికులు కారు. యానాదులు, భూమి లేని ఇతర నిరుపేద కుటుంబాలవారు ఎండలో కొండ ఎక్కి, బండలు దొర్లించి, తేళ్ళకూ పాములకూ వెరవక తవ్వి తెస్తారు. చేతులు మారిన కొద్దీ ధర పెరుగుతుంది. తవ్విన చేతికి దక్కేది స్వల్పం. మూట బరువే కూలి గనుక మొత్తం తవ్వక తప్పని స్థితి వారిది. సగం వేరు వదలి రమ్మని వారికి చెప్పేవారు, ఆ వదలిన సగం కూలి ఎవరిస్తారో కూడా చెప్పాలి.

యానాదుల గతం ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. నెల్లూరు తీరాన ఉన్న శ్రీహరికోట దీవి అడవులు 1835లో కుంఫిణీ ప్రభుత్వం చేతికి వచ్చాయి. అక్కడి యానాదులు తేనె, చిరివేరు మొదలైన అటవీ వస్తువులు సేకరించి సర్కారుకు అప్పగించేవారు. బదులుగా వారికి ముట్టేది కొద్దిపాటి ప్రతిఫలమే. ఏ వేరు ఏ కాలాన తవ్వాలో తెలిసినది వారికి. దాని విలువ తెలిసినది ఇతరులకు. రాకెట్ల కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంపిక చేసిన తరువాత వారు ఆ అడవికే దూరమైనారు. తెలివి ఒకరిది, లాభం ఒకరిది కావడం ఈ దేశంలో పాత కథే.

దేశాంతరంలోను ఇదే కథ జరిగింది. వెనిలా కూడా ఒక పూలతీగయే. మెక్సికో అడవుల నుంచి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెచ్చి నాటితే పూసింది గాని కాయలేదు. ఎందుకంటే పుప్పొడి మోసే మెక్సికో ఈగ అక్కడ లేదు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేండ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో, బొటనవ్రేలితో పువ్వులో పుప్పొడి అంటించే ఉపాయం కనిపెట్టాడు. ఆ ఉపాయంతో ఆ దీవి తోటలు కాసులు కురిశాయి. వెనిలా ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ బాలుడు మాత్రం పెద్దవాడై స్వేచ్ఛ పొంది కూడా 1880లో పేదరికంలోనే మరణించాడు. నన్నారిని కొండ నుంచి తోటకు దింపే ప్రయత్నంలో ఈ పాఠం మరువరాదు. సాగు వచ్చినప్పుడు లాభం నేల ఉన్నవారికే పోయి, ఇన్నాళ్ళు వేరును ఎరిగి తెచ్చినవారు ఉన్న కూలి కూడా పోగొట్టుకొంటే, తీగ దక్కినా న్యాయం దక్కదు.

చేయదగినవి

చేయదగిన పనులు అసాధ్యమైనవి కావు. మొదటిది తవ్వే మర్యాద. గుత్తిలో కొన్ని వేళ్ళే కోసి, మొదలు కదల్చక మిగతా వానిని మట్టితో కప్పివేస్తే తీగ మళ్ళీ కోలుకొంటుంది. గింజ ఎగిరిన తరువాతనే తవ్వడం, ఒక కొండవాలును తవ్విన పిమ్మట కొన్ని ఏండ్లు దానికి విశ్రాంతి ఇవ్వడం కూడా అందులో చేరుతాయి. పశువుల బీడుకు విశ్రాంతి ఇవ్వడం ఎరిగిన పల్లెలకు ఇది కొత్త పాఠం కాదు. ఇట్లా తవ్వి తెచ్చిన వేరుకు ఎక్కువ ధర కట్టి ఇస్తేనే ఈ మర్యాద నిలుస్తుంది. గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. అది స్వయంగా నన్నారి షర్బతు అమ్ముతున్నది. కొనేవాడే క్రమం విధించగలడు గనుక ఇటువంటి సంస్థల బాధ్యత పెద్దది.

రెండవది సాగు. గింజల ద్వారాను, కణజాల పద్ధతిలోను మొక్కలు పెంచవచ్చునని పరిశోధనాలయాలు చూపించాయి. వేరు ఊరడానికి కొన్ని ఏండ్లు పడుతుంది గనుక రైతు దీనినే నమ్ముకొని ఉండలేడు. కాని చీనీ తోట కంచె మీద, రాతిగట్టు వెంట, బీడు అంచున ప్రాకించడానికి ఇది తగిన తీగ. ఈ మొక్కలు పెంచే నారుమళ్ళను కొండ క్రింది కుటుంబాలకే అప్పగిస్తే, గింజ ఎప్పుడు ముదురుతుందో ఎరిగిన చేతులకే ఆ పని దక్కుతుంది. తవ్వేవారు నాటేవారవుతారు.

మూడవది సీసా మీది పేరు. ఏ తీగ వేరు, అడవిదా తోటదా అన్న రెండు మాటలు ముద్రిస్తే చాలు. సిరా ఖర్చు తప్ప దీనికి వేరే ఖర్చు లేదు. త్రాగేవారు అడగడం మొదలుపెడితే అమ్మేవారు చెప్పక తప్పదు.

నాలుగవది పాఠశాలల పని. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు చాలా చోట్ల బీరువాలో నిద్రపోయే పుస్తకంగా మారకుండా చూడగలిగినవారు ఉపాధ్యాయులూ విద్యార్థులే. వేంపల్లె వైపు పల్లె బడిలో చదివే బాలుడి తాతకు కొండ తీగెల పేర్లు ఎన్ని తెలుసునో బడి పుస్తకానికి తెలియదు. ఆ పేర్లు, పూత కాలం, కాయ తీరు, వాడుక పిల్లలు అడిగి వ్రాసుకొంటే అది ఒకేసారి వృక్షశాస్త్ర పాఠమూ అవుతుంది, తెలుగు పాఠమూ అవుతుంది. నిఘంటువులకెక్కని మాటలు ఎన్నో ఆ కొండ దారులలో ఉన్నాయి. తీగ పోయిన కొన్నాళ్ళకు తీగ పేరూ పోతుంది. పేరు పోయిన తరువాత పోయినదేమిటో చెప్పుకోవడానికైనా వీలుండదు. బడి కంచె మీద ఒక నన్నారి తీగ ప్రాకించి, ప్రక్కన సుగంధిపాలను నాటి, రెండింటి తేడా చూపగల ఉపాధ్యాయుడు పది ఉపన్యాసాల పని చేసినవాడవుతాడు. ఒక తీగ చాలదు, జోడుగా రెండు మారెడు తీగెలు ఉండాలన్నది కూడా ఆ పాఠంలో భాగమే.

1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపకు ఉద్యోగిగా వచ్చిన నాటికి తెలుగు కావ్యాలు ఎన్నో తాటాకులలో చెదలకు ఆహారమవుతున్నాయి. ఆ ఆకులను వెదకించి, పండితులను కూర్చోబెట్టి, ప్రతులు వ్రాయించి ఆయన నిలబెట్టాడు. ఒక్క ప్రతిగా ఉన్నంతకాలం గ్రంథానికి చెద భయం, నిప్పు భయం తప్పవు. ప్రతులు పది చోట్ల ఉంటే ఆ భయం తీరుతుంది. కొండ మీది తీగ కూడా ఒక గ్రంథమే. దానికి ప్రతి వ్రాయడమంటే గింజ నాటడం. అయితే మూలప్రతి చెడిపోకుండా చూచుకొన్నప్పుడే ప్రతులకు విలువ. అందుచేత తోటలో నాటడం, కొండలో కాపాడడం రెండూ కలిసి సాగాలి; ఒకటి చేసి రెండవది మానితే ప్రయోజనం సగమే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలవారు నన్నారి త్రాగడం మానవలసిన అవసరం లేదు. త్రాగే ముందు ఇది ఏ తీగది, ఎవరు తవ్వారు, మళ్ళీ ఎవరు నాటారు అని అడగడం నేర్చుకొంటే చాలు. ఆ మూడు ప్రశ్నలకు మూడు జవాబులు దొరికే నాటికి పాలకొండల రాతి సందులలో ఆ చిన్న పసుపు పూలు కాయగా మారే భాగ్యానికి నోచుకొంటాయి.